పరమాణువిచారము: దర్శనమునకును ప్రకృతిశాస్త్రమునకును గల భేదము

తెలుఁగున 'శాస్త్ర' శబ్దమునకు వ్యాప్తి మిక్కిలి పెద్దది. వ్యాకరణము శాస్త్రము, తర్కము శాస్త్రము, జ్యోతిషము శాస్త్రము, వేదాంతమును శాస్త్రమే. పాశ్చాత్యవిద్యలు పాఠశాలలఁ బ్రవేశించినపుడు భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, వృక్షశాస్త్రము అను పేళ్లును ఈ శబ్దముతోడనే యేర్పడినవి. తత్త్వవిచారమునకు సైతము తత్త్వశాస్త్రమనియే పేరు నిలిచినది. ఇంగ్లండున నామకరణము దీనికి విపర్యయముగా జరిగినది. అచటఁ బ్రకృతివిద్య యంతయుఁ జిరకాలము 'ఫిలాసఫీ' యను పేరనే చెల్లెను. లండను రాయల్ సొసైటీవారి పత్రిక 1665లో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అను పేర వెలువడెను. న్యూటను 1687లోఁ బ్రకటించిన మహాగ్రంథముపేరునకుఁ 'బ్రకృతితత్త్వవిద్యయొక్క గణితమూలసూత్రములు' అని యర్థము. రసాయనశాస్త్రమునఁ గ్రొత్తయుగమును దెచ్చిన జాన్ డాల్టను సైతము 1808లోఁ దన గ్రంథమునకు 'రసాయనతత్త్వవిద్య యందొక నూతనపద్ధతి' యని యర్థమిచ్చు పేరే పెట్టెను. ప్రకృతిశాస్త్రజ్ఞునికి 'సైంటిస్ట్' అను పేరు విలియం హ్యూయెల్ కల్పింపఁగా 1834లోఁగాని అచ్చునకెక్కలేదు.

కావునఁ బేళ్లను బట్టి యీ రెండువిద్యల భేదము తెలియరాదు. ఒకే వస్తువును రెండువిద్యలును విచారించిన తావును వెదకి, ఆ విచారము లెట్లు నడచినవో, ఎచట ముగిసినవో చరిత్రక్రమమునఁ బరిశీలించినచో భేదము స్పష్టపడును. అట్టి వస్తువులలోఁ బరమాణువు ముఖ్యమైనది. కాణాదదర్శనమునకది మూలస్తంభము, నేఁటి రసాయనశాస్త్రమునకును మూలస్తంభము. తెలుఁగుపాఠశాలలలో నొకగదియందుఁ దర్కసంగ్రహము చదువు విద్యార్థికిని, వేఱొకగదియందు రసాయనశాస్త్రము చదువు విద్యార్థికిని 'పరమాణువు' అను నదే పదము వినఁబడును. ఈ పదైక్యమువలన రెండు విరుద్ధాభిప్రాయములు ప్రబలినవి. డాల్టను చెప్పినదెల్లఁ గణాదుఁడు వేలయేండ్లకు ముందే చెప్పెనని కొందఱందురు. కణాదునిది ప్రయోగమెఱుఁగని కాలపుటూహ, దానికిఁ గాలము చెల్లినదని మఱికొందఱందురు. మొదటివారు గౌరవించుచున్నామనుకొనుచున్నారు; రెండవవారు తిరస్కరించుచున్నామనుకొనుచున్నారు. ఇరువురును దర్శనమును రసాయనశాస్త్రముగాఁ జదువుటచేతనే యీ నిర్ణయములకు వచ్చుచున్నారు.

వైశేషికసిద్ధాంతమును మొదట సంగ్రహముగాఁ జూడవలెను. లోకమున నున్నదానినెల్ల నా దర్శనము ద్రవ్యము, గుణము, కర్మము, సామాన్యము, విశేషము, సమవాయము అను ఆఱు పదార్థములుగా విభజించినది. పిదపివారు అభావమును ఏడవదానిఁగాఁ జేర్చిరి. ద్రవ్యములు తొమ్మిది. అందుఁ బృథివి, జలము, తేజస్సు, వాయువు అను నాలుగింటికే పరమాణువులు కలవు. పరమాణువు నిత్యము, నిరవయవము. రెండు పరమాణువులు కూడి ద్వ్యణుకమగును. మూఁడు ద్వ్యణుకములు కూడి త్ర్యణుకమగును. గవాక్షమునుండి వచ్చు సూర్యకిరణమున నాడుచుఁ గనఁబడు రేణువే త్ర్యణుకము. దానికే త్రసరేణువని పేరు. కంటికిఁ గనఁబడువానిలో నదియే కడపటిది; అందు ఆఱు పరమాణువులుండును.

ఈ 'ఆఱు' అను సంఖ్య యెట్లు వచ్చినదో గమనింపవలెను. ఎవరును లెక్కపెట్టి చెప్పినది కాదు. కనఁబడునది సావయవమై యుండవలెను, గనుక త్రసరేణువునకు భాగములు కలవు. ఆ భాగములును మహత్పరిమాణముగల ద్రవ్యము నారంభించునవి గనుక సావయవములే కావలెను. ఆ భాగముల భాగములకును మరల భాగము లున్నవనుచుఁ బోయినచో విరామముండదు. విరామము లేకున్నచో ఆవగింజకును మేరుపర్వతమునకును అనంతావయవములే యగును; అపుడు రెండింటికిని సమానపరిమాణము వచ్చును. అది ప్రత్యక్షవిరుద్ధము. కావున నొకచోట నాఁగవలెను, ఆఁగినచోటు పరమాణువు. కూడుటకుఁ గనీస మిద్దఱు కావలెను గనుక రెండు. బహుత్వము మూఁటితో మొదలగును గనుక మూఁడు. అతిసూక్ష్మములగు వానినుండి మహత్పరిమాణము పుట్టుటకు వాని పరిమాణము చాలదు గనుక వాని సంఖ్యయే కారణమని చెప్పిరి. మొదటినుండి తుదివఱకు నిదియంతయు ననుమానప్రమాణముచే నడచిన విచారము. దృష్టము దాని కాధారము. వైశేషికులు ప్రత్యక్షమును విడిచి యూహలఁ దేలినవారు కారు. కాని వారి ప్రశ్న 'త్రసరేణువున నెన్ని కణములున్నవి' యనునది కాదు. 'పరిమాణము కలదియు, భాగములు కలదియునగు వస్తువు సంభవించుటకు నేది యొప్పుకొనక తీఱదు' అనునది.

కుండకాలుట విషయమున నైయాయికులకును వైశేషికులకును జరిగిన వాద మీ ప్రశ్నయొక్క స్వభావమును మఱింత తెలుపును. పచ్చికుండ నల్లగానుండును, ఆవమునఁ గాలినపిమ్మట నెఱ్ఱనగును. ఆ యెఱుపు ఎక్కడఁ బుట్టినది? అగ్నిసంయోగముచేఁ గుండ పరమాణువులవఱకు విడిపోయి, పరమాణువులయందే రూపము మాఱి, మరల నవి కూడి క్రొత్తకుండ యగునని వైశేషికులు చెప్పిరి. ఇది పీలుపాకవాదము. కుండ కుండగానే యుండి, అగ్ని దాని రంధ్రములద్వారా లోఁబ్రవేశించుటచేఁ గుండయందే రూపము మాఱునని నైయాయికులు చెప్పిరి. ఇది పిఠరపాకవాదము. ఆవములోనికిఁ జూచినచోఁ గుండ పడిపోక నిలిచియే కనఁబడుచున్నదనియు, కాలినపిదప 'అదే యీ కుండ' యను ప్రత్యభిజ్ఞ కలుగుచున్నదనియు నైయాయికు లాక్షేపించిరి. విడిపోవుటయుఁ గూడుటయు నతిత్వరితముగా జరుగుటచేఁ గనఁబడదని వైశేషికులు బదులు చెప్పిరి. ఆ ప్రక్రియకుఁ దొమ్మిది క్షణములు పట్టునా, పది పట్టునా, పదునొకండు పట్టునా యని పదునేడవశతాబ్దపు సిద్ధాంతముక్తావళి గణించుచున్నది. అదే శతాబ్దమువాఁడుగాఁ బరిగణింపఁబడుచు, తెలుఁగువాఁడని ప్రసిద్ధిగన్న అన్నంభట్టు తర్కసంగ్రహమునకుఁ దానే వ్రాసికొన్న దీపికయందీ రెండు మతములను బ్రక్కప్రక్కన నుంచినాఁడు.

ఈ వాదమున నెవరు నెగ్గిరి? ఎవరును నెగ్గలేదు. దానికి మొండితనము కారణము గాదు. కంటికిఁ గనఁబడుదాని విషయమున నిరుపక్షములవారి కభిప్రాయభేదమే లేదు. కుండ నల్లగా నుండెను, ఎఱ్ఱనాయెను, నడుమఁ బడిపోవుట కనఁబడలేదు: ఇంతవఱకు నిద్దఱు నొప్పుకొన్నదే. గుణములు మాఱినను వస్తువు అదియే యని యనుటకుఁ బ్రమాణమేమి? అవయవి యనునది యవయవములకంటె వేఱైన వస్తువా? ఇవియే వివాదాంశములు. ఇట్టివానిని దీర్చుటకు నావములోనికి మఱియొకసారి తొంగిచూచుటవలన లాభములేదు.

పరమాణువాదమును ఖండించినవారును ఇట్టి మార్గముననే ఖండించిరి. నాలుగైదు శతాబ్దముల ప్రాంతమున నుండిన బౌద్ధాచార్యుఁడు వసుబంధుఁడు వింశతికయం దడిగిన ప్రశ్న సుప్రసిద్ధము. ఒక పరమాణువును ఆఱుదిక్కులనుండి ఆఱు పరమాణువులు తాఁకినచో, దానికి ఆఱు పార్శ్వము లుండవలెను గదా. అపుడది నిరవయవ మెట్లగును? ఆఱును ఒకే తావున నున్నవందురేని, ఎన్ని కూడినను బిండము పరమాణుమాత్రమే యగును గదా. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున రెండవయధ్యాయము రెండవపాదమునఁ బరమాణుకారణవాదమును నిరాకరించుచు సంయోగమునుగూర్చి యిట్టి దోషమునే చూపి, సృష్ట్యాదిని పరమాణువులకుఁ దొలిచలనము దేనివలనఁ గలిగినదనియుఁ బ్రశ్నించిరి. అచేతనమగు అదృష్టము చలింపఁజేయలేదని వారి వాదము. ఈ యాక్షేపములు నేఁటికిని దమ వాడిమిని గోల్పోలేదు. అయినను వీనిచేఁ బరమాణువు లేదని లోకానుభవమువలన నిర్ధారణ కాలేదు. పరమాణుభావన యందుఁ జిక్కున్నదని మాత్రము తేలినది.

గ్రీసుదేశమునందును క్రీస్తునకుఁ బూర్వ మైదవశతాబ్దమున ల్యూసిప్పస్, డెమాక్రిటస్ అనువారు పరమాణువాదమును వెలయించిరి. వారి పరమాణువులకు నాకారభేదమే కాని గంధరూపాదులు లేవు; వైశేషికుల పరమాణువులకుఁ బృథివ్యాదిభేదముచే గంధరసరూపస్పర్శలును గలవు. కావున నీ రెండు మతములు నొకదానికొకటి ప్రతిబింబములు కావు. క్రీస్తునకుఁ బూర్వ మొకటవశతాబ్దమున లుక్రీషియస్ అను రోమనుకవి యీ మతమును లాటినుకావ్యముగా రచించుచు, సూర్యకిరణమున నాడు రేణువులను బరమాణుచలనమునకు నిదర్శనముగాఁ జూపెను. వైశేషికులు త్రసరేణువుగాఁ జెప్పినదియు నదియే. ఒకే రేణువును ఇద్దఱును జూచిరి. ఒకరు పరిమాణముయొక్క యవధిని, మఱొకరు చలనముయొక్క పోలికను అందుఁ గనిరి. ఇద్దఱిలో నెవరికిని దానిని గొలుచు నవసరము తోఁపలేదు. వారి వారి ప్రశ్నలకుఁ గొలఁతతోఁ బనిలేదు.

కొలఁతతోఁ బని డాల్టనునకుఁ గలిగినది. ఇతఁడు మాంచెష్టరునందు విద్య చెప్పి జీవించిన యుపాధ్యాయుఁడు. ఇతఁడును బరమాణువును జూచినవాఁడు కాఁడు. కర్బనము ఆమ్లజనితోఁ గూడి రెండువాయువుల నిచ్చును. పండ్రెండుపాళ్ల కర్బనమున కొకదానియందుఁ బదునాఱుపాళ్ల ఆమ్లజనియు, రెండవదానియందు ముప్పదిరెండుపాళ్లును ఉండును. ఒకటికి సరిగా రెండింతలు. ఒకటింబావుగాని, ఒకటిన్నరకుఁ గొంచెము హెచ్చుగాని కాదు. ద్రవ్యము తెంపులేని ముద్దయైనచో నే పాళ్లనైనను గూడవచ్చును. తూకముగల విడివిడి కణములతో నేర్పడినదైనచో నొకకణమున కొకటియో రెండో మాత్రమే కూడును. అపుడీ సరియింతలు సహజములగును. ఈ యాలోచనతో డాల్టను 1803లో మూలద్రవ్యముల పరమాణువుల సాపేక్షభారములకుఁ బట్టిక నొకదానిఁ దయారుచేసెను. పరమాణువునకుఁ దూకము చెప్పుటయే యతఁడు చేసిన క్రొత్తపని. తూకము చెప్పినవాఁడు తప్పుటకును సిద్ధపడినవాఁడే.

నిజముగానే యతఁడు తప్పెను. రెండు మూలద్రవ్యములకు నొకటే సంయోగము తెలిసియున్నచో నందు ఒక్కొక్కపరమాణువే కూడినట్లు భావింపవలెనని యతఁడొక నియమము నేర్పఱచుకొనెను. దానిచే నీటియందు ఉదజని యొకటి, ఆమ్లజని యొకటి యని చెప్పి, 1808నాఁటి పట్టికలో ఆమ్లజనిభారమును ఏడుగా వ్రాసెను. ఆ సంవత్సరమే గేలూసాక్ వాయువుల పరిమాణములను గొలిచి, రెండుపాళ్ల ఉదజని యొకపాలు ఆమ్లజనితోఁ గూడి రెండుపాళ్ల నీటియావిరి యగునని చూపెను. 1811లో అవొగాడ్రో దీనికి సమాధానము చెప్పెను: సమానపరిమాణముగల వాయువులయందు సమానసంఖ్యాకములగు నణువు లుండుననియు, ఆమ్లజనియణువున రెండు పరమాణువు లుండుననియు నతని మతము. దాని నప్పు డెక్కువమంది పట్టించుకొనలేదు. 1860లో కార్ల్‌స్రూహే పట్టణమున రసాయనశాస్త్రజ్ఞులు సభచేసినపుడు కన్నిజారో దానిని మరల నిలువఁబెట్టఁగా, క్రమముగా నందఱు నంగీకరించిరి. నీటియందు ఉదజనిపరమాణువులు రెండనియు, ఆమ్లజనిభారము పదునాఱనియు నిర్ణయమైనది. డాల్టను తప్పును డాల్టను మార్గమే దిద్దినది.

ఇంతవఱకు వచ్చినను వాదము ముగియలేదు. పందొమ్మిదవశతాబ్దము చివర ఎర్న్‌స్ట్ మాఖ్, విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ వంటి మహాపండితులు పరమాణువును లెక్కలకుఁ దోడ్పడు కల్పనగానే యెంచిరి. కనఁబడనిదానిని వస్తువుగా నొప్పుకొనరాదని మాఖ్ పట్టు. ఇది సరిగాఁ బ్రమాణవిచారము. దర్శనకారుల గడపలోని ప్రశ్న. దీనికి సమాధానము మాత్ర మొక రేణువునుండి వచ్చినది. 1827లో రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుఁడు పుప్పొడినుండి వెలువడిన సూక్ష్మకణములు నీటియందు నిలుకడలేక కదలుచుండుట సూక్ష్మదర్శినిలోఁ జూచెను. జీవములేని ధూళికణములును అట్లే కదలెను. నీటియణువులు నలువైపుల నుండి కొట్టుటచే నీ చలనము గలుగుచున్నదని గ్రహించి, 1905లో ఐన్‌స్టైన్ దానికి గణితము చెప్పెను. కాలము నాలుగింతలైనచోఁ గణము సగటున జరుగుదూరము రెండింత లగునని యందొక ఫలితము.

పారిసునగరమున జాన్ పెరాన్ 1908 మొదలు దీనిని బరీక్షించెను. ఒకవిధమగు చెట్టుబంకతోఁ జేసిన, మైక్రానులో సగమునకు లోఁబడిన గుండ్రనికణములను నీటఁ గలిపి, ముప్పదిసెకండ్ల కొకసారి వాని స్థానమును గళ్లకాగితముపై గుర్తించెను. పర్వత మెక్కిన కొలఁది గాలి పలుచనగునట్లు, ఆ నీటిబొట్టులోఁ బైకిఁ బోయిన కొలఁదిఁ గణముల సంఖ్య తగ్గుననియు, ప్రతి ముప్పది మైక్రానుల యెత్తునకు నించుమించు సగమగుననియు లెక్కించెను. గాలికి నా సగము అయిదాఱు కిలోమీటర్లకుఁ గలుగును. ఈ రెండింటి నిష్పత్తినుండి యణువుయొక్క భారము లభించును. ఆకాశపు నీలిమ, రేడియోధార్మికద్రవ్యముల క్షయము మొదలైన పరస్పరసంబంధములేని పదింటికి మించిన మార్గములఁ జేసిన గణనలును ఇంచుమించు నొకే సంఖ్యకు వచ్చుట యతఁడు 1913నాఁటి తన గ్రంథమునఁ బట్టికగాఁ జూపెను. పండ్రెండుగ్రాముల కర్బనమున నుండు పరమాణువుల సంఖ్య యది: 6022 వ్రాసి దానిపిదప ఇరువదిసున్నలు చేర్చినంత. ప్రమాణములను సవరించినపుడు 2019లో నీ సంఖ్యయే నిర్వచనముగా స్థిరపఱుపఁబడినది. ఆస్ట్‌వాల్డ్ 1909లోఁ దన గ్రంథపీఠికయందుఁ బూర్వాభిప్రాయమును విడిచి, పరమాణువులున్నవని ప్రకటించెను. పెరానునకు 1926లో నోబెలుబహుమానము వచ్చెను.

ఆస్ట్‌వాల్డ్ లొంగిన విధమునకును, పీలుపాకవాదులు లొంగకుండిన విధమునకును గల తారతమ్యమునందే విద్యాభేదము దాఁగియున్నది. ఏ ఫలితము వచ్చినచోఁ దన పక్షమును విడువవలసివచ్చునో ప్రకృతిశాస్త్రమున వాదికి ముందే తెలియును. సంఖ్య తప్పినచో వాదము తప్పును. తప్పుటకు వీలున్న వాక్యము గనుకనే యది నెగ్గుటకును వీలైనది. దర్శనమున నుభయవాదులు నొప్పుకొన్న యనుభవముపైననే వివాదము నడచును. దాని యర్థమేమి, దాని నొప్పుకొన్నవాఁడు వేఱేమి యొప్పుకొనవలెను, అందు స్వవిరోధమున్నదా యను విచారములే యచట నిర్ణాయకములు. కావున విషయమును బట్టి గాని, తర్కము ప్రత్యక్షము అను సాధనములను బట్టి గాని యీ విద్యలను విడఁదీయరాదు. వైశేషికుఁడును బ్రత్యక్షమునుండి బయలుదేఱెను. డాల్టనును గనఁబడనిదాని ననుమానముచేతనే సాధించెను. పక్ష మెట్లు వీఁగునో యనుదానియందే భేదము.

ఈ భేదమును గ్రహించినచోఁ గాణాదమతమును మూఁడు పాయలుగాఁ జూడవచ్చును. మొదటిపాయ లోకవస్తువులనుగూర్చిన మాటలు. నీరు మూలద్రవ్యమని దర్శనములు చెప్పినవి. అది సంయోగద్రవ్యమని లవాయిజియర్ 1783లోఁ బ్రకటించెను. త్రసరేణువున ఆఱు పరమాణువులుండునని చెప్పిరి. మైక్రానులు పదియున్న ధూళికణమున లక్షలకోట్ల పరమాణువు లుండును. ఇచట దర్శనము పొరపడినదని స్పష్టముగాఁ జెప్పవలెను. దాఁచుటవలన గౌరవము రాదు. కాని డాల్టను పక్షమును గణాదుని కంటఁగట్టరాదు. డాల్టను పేర్కొన్నదియుఁ గడపటి నిరవయవద్రవ్యము కాలేదు. 1897లో థామ్సను ఎలక్ట్రానును గనుఁగొనెను. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువునడుమఁ గేంద్రకమున్నదని చెప్పెను. రసాయనశాస్త్రము చెప్పు పరమాణువు సావయవము, విభాజ్యము. నిరవయవమని చెప్పి పదార్థలక్షణమును నిర్ణయించిన కణాదుని మాట దానికి వర్తింపదు. తెలుఁగు పాఠ్యగ్రంథములలోఁ బరమాణువులు కూడఁగా నేర్పడినదానికి 'అణువు' అని పేరు. న్యాయవైశేషికములయందు 'అణు' వనునది యొక పరిమాణవిశేషము. పదములు రెండును పాతవే, అర్థములు రెండును క్రొత్తవి.

రెండవపాయ మేరుసర్షపన్యాయము. ఇది ప్రయోగముచేఁ గొట్టుడుపడలేదు, గణితవిచారముచేఁ గొట్టుడుపడినది. 1870ల దశాబ్దమున గియోర్గ్ కాంటర్ అనంతసంఖ్యలను బరిశీలించి, చిన్నగీఁతయందును బెద్దగీఁతయందును బిందువులు సమసంఖ్యాకములే యనియు, 1878లోఁ జతురమునందును అంతే యనియు నిరూపించెను. అట్లయ్యును వాని పొడవులును, వైశాల్యములును సమానములు కావు. అనగా, అనంతావయవసామ్యమువలనఁ బరిమాణసామ్యము రాదు. ఆవగింజ, మేరువు రెండును అనంతముగా విభాజ్యములే యైనను జిన్నపెద్దలు కావచ్చును. ప్రయోగమునకుఁ దావులేనిచోటను దర్శనవాదము వీఁగుననుట కిది యుదాహరణము. దర్శనములలో నభివృద్ధియే లేదని యనువారు దీనిని గమనింపవలెను. అయితే యిట వీఁగినది యొక హేతువు. ఆ హేతువును బుట్టించిన ప్రశ్న యిప్పటికిని నిలిచియున్నది.

మూఁడవపాయ యవయవి యనుదానిని గూర్చినది. అవయవములకంటె నవయవి వేఱని నైయాయికులు, అవయవముల రాశియే కాని వేఱొకటి లేదని బౌద్ధులు వాదించిరి. ఆర్థర్ ఎడింగ్టను అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడు 1928లోఁ బ్రకటించిన తన గ్రంథమున నీ వివాదమునే క్రొత్తవేషమున నెత్తికొనెను. ఆయన యెదుట రెండు బల్లలున్నవఁట: ఒకటి గట్టిది, రంగుగలది, మోచేయి యానినచో నానునది, రెండవది భౌతికశాస్త్రము చెప్పునట్టిది, మిక్కిలి శూన్యము, అందందు విద్యుత్కణములు. ఇందు నిజమైన బల్ల యేది? ఇద్దఱు భౌతికశాస్త్రజ్ఞులు ఎలక్ట్రానుల లెక్కలో సంపూర్ణముగా నేకీభవించియు, ఈ ప్రశ్నయం దభిప్రాయభేదమును బొందవచ్చును. ఆవముకడ నైయాయికవైశేషికుల స్థితి యిట్టిదే. మాఖ్ వేసిన ప్రశ్నయును ఇట్లే మిగిలినది. పదిమార్గములు నొకేసంఖ్యకు వచ్చినపుడు కనఁబడనిది కలదని నమ్మవచ్చునని పెరాను చూపెను. అట్టి సంవాదము ప్రమాణమగుటకుఁ గారణమేమన్న ప్రశ్న సూక్ష్మదర్శినిలోఁ గనఁబడునది కాదు. ప్రకృతిశాస్త్రము ఫలితమును జేతికిచ్చినపిదప నర్థవిచారము దర్శనమువంతు.

అయినను ఈ సరిహద్దు ఱాతిగోడ కాదు. పరమాణువు దర్శనమునఁ బుట్టి, యుగములు గడచినపిదపఁ దూకపుఁద్రాసునకు వచ్చినది. అది త్రాసునకు వచ్చుటకుఁ బూర్వము, అవయవమనఁగా నేమి, సంయోగమనఁగా నేమి, పరిమాణ మెట్లు పుట్టును అని యడుగ నలవాటుపడిన మనస్సు లుండవలెను. కౌటిల్యుఁ డర్థశాస్త్రమున విద్యలను నాలుగుగా విభజించి, సాంఖ్యము, యోగము, లోకాయతము అనువానిని ఆన్వీక్షకియందుఁ జేర్చి, దానిని సర్వవిద్యలకును దీపముగా వర్ణించెను. దీపము వస్తువును బుట్టింపదు, తూఁచదు. తూఁచువాని చేయి యెటు పోవుచున్నదో చూపును. కాణాదము పాణినీయము సర్వశాస్త్రములకు నుపకారకములని పండితులలో వాడుక కలదు. ఉపకారకమనుటయే కాని, సర్వశాస్త్రములును అందే యున్నవని పెద్దలనలేదు.

తర్కసంగ్రహము చెప్పు పండితునిపై నిందువలన నొక బాధ్యత పడుచున్నది. పరమాణుప్రకరణము వచ్చినపుడు డాల్టనును గణాదునికి శిష్యునిగాఁ జేసి చెప్పినచో, విద్యార్థి రసాయనశాస్త్రపుగదికిఁ బోయి తూకములు, సంఖ్యలు, ప్రయోగములు చూచినదినమున గురువుమాట కల్ల యని తెలిసికొనును. కణాదుఁడును వానితోఁబాటు చులుకనయగును. కుండ కాలుటయందలి వాదమును సంపూర్ణముగాఁ జెప్పి, ఇరుపక్షములవారు నొప్పుకొన్న దేమి, ఒప్పుకొనని దేమి యని వానిచేతనే విడఁదీయించినచో, ఏ ప్రశ్నను ద్రాసునకుఁ బంపవలెనో, ఏ ప్రశ్నను దనయొద్ద నుంచుకొని విచారింపవలెనో వానికిఁ దెలియును. దర్శనమువలన విద్యార్థికిఁ గలుగవలసిన ఫల మీ వివేకమే; దీనిని రసాయనశాస్త్రము తీసివేయలేదు, ఈయనులేదు.